డ్యాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు

మూడు తలుపులు, ఐదు కిటికీ చట్రాలు మోసుకుంటూ ఎత్తు రోడ్డు సగం దాకా ఎక్కిన పికప్ అక్కడ చేతులెత్తేసింది. ముందు లోపలెక్కడో ఎవరో తలుపు కొడుతున్నట్టు టకటకమంది. తర్వాత వెనక గొట్టంలోంచి నీలం పొగ వచ్చి వీధంతా కమ్మేసింది. పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ ఆరేసినవన్నీ మళ్ళీ తీసుకుని, బండినీ బండి నడిపేదాన్నీ కలిపి తిట్టుకుంటూ లోపలికెళ్ళిపోయింది. ఆ తిట్లలో న్యాయం ఉంది గనక అమ్మాయి మారు మాట్లాడలేదు.

అమ్మాయి అన్నానని చిన్నపిల్ల అనుకునేరు. నలభైకి రెండేళ్ళే తక్కువ. పందొమ్మిదో ఏట స్టీరింగు పట్టుకున్నప్పుడు బళ్ళ స్టాండులో అందరూ ఏమని పిలిచారో ఇప్పటికీ అదే పిలుపు నిలిచిపోయింది. మొగుడు తలుపులు చేస్తాడు, ఆమె మోసుకెళ్ళి ఇచ్చొస్తుంది. ఎత్తు మీద కొత్త ఇళ్ళు లేస్తున్నంత కాలం ఆ ఇంటికి పనికి కొదవ లేదు.

పక్క సీట్లో నాన్న ఉన్నాడు. ఆయన ఎడమచెయ్యి ఇంకా డ్యాష్‌బోర్డు మీదే ఉంది. రెండు దెబ్బలు కొట్టాడు, కింది గేరు వెయ్యమని. ఆమె వేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఎందుకు ఆలస్యమైందో ఆమెకి తెలుసు, ఆయనకి తెలీదు. ఎనిమిది నెలలుగా ఆమె కడుపులో దాచుకున్నది ఆ ఒక్క సంగతే.

నాన్నని స్టాండులో డాక్టరు అనేవారు. ఆయన చదివింది ఐదో తరగతి. కానీ బానెట్టు ఎత్తకుండా, చేతిలో టీ గ్లాసు దించకుండా, బండి మలుపు తిరిగి వస్తుంటేనే దాని జబ్బు చెప్పేవాడు. "నీ బెల్టు ఇంకో వారం" అనేవాడు. వారానికి తెగేది. ఎనిమిదో రోజు తెగితే ఆ డ్రైవరు పని కట్టుకుని వచ్చి "ఒక రోజు తప్పావు డాక్టరూ" అని పరాచికాలాడిపోయేవాడు. ఆయన బండిలో పాటలు వినే సరంజామా ఏదీ ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు, కట్టుకున్న పెళ్ళాంతో సహా. "ఈ మనిషి నా మాట కంటే ఆ బండి మాటే ఎక్కువ విన్నాడు" అని అమ్మ బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉంది.

కూతురికి బండి నేర్పినప్పుడూ అదే పద్ధతి. మాట్లాడితే ఇంజను వినపడదని, వేలి కణుపులతో డ్యాష్‌బోర్డు మీద కొట్టి చెప్పేవాడు. ఒక దెబ్బ అంటే పై గేరు. రెండు దెబ్బలంటే కింది గేరు. ఆయన చెప్పకముందే తనంతట తను విని, సరైన వేళకి గేరు మారిస్తే మాత్రం, అరచేత్తో ఒకే ఒక్క చరుపు. దానికి అర్థమేమిటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. మొదటి నెలంతా ఆ చరుపు ఒక్కటీ పడలేదు. రెండో నెలలో ఒకరోజు పడింది. ఆ రోజు ఆమె కాళ్ళు నేల మీద ఆనక, ఇంటికెళ్ళి భోజనం కూడా నిలబడే చేసింది.

పోయిన ఏడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. పోయిన మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది గానీ, ఒక్కో మాటనీ చీకటి గదిలో తడుముకుని తెస్తున్నట్టు తెచ్చేవాడు. ఆస్పత్రిలో నలభై రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూతురొచ్చినా అదే గోడ, అల్లుడొచ్చినా అదే గోడ. పరామర్శకొచ్చినవాళ్ళు ఆయన వీపుతో మాట్లాడి వెళ్ళిపోయేవారు. 

ఇంటికి తీసుకొస్తున్న రోజున ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా ఇంజను గొంతు బరువెక్కింది. ఆమె కింది గేరు వెయ్యబోయింది. అంతలో పక్క సీట్లోంచి ఎడమచెయ్యి లేచింది. వణుకుతూ వెళ్ళి డ్యాష్‌బోర్డు మీద టక్, టక్ మనిపించింది. ఆమె ఆ తర్వాతే గేరు వేసింది. నాన్న తలెత్తి, నలభై రోజుల తర్వాత మొదటిసారి, అద్దంలోంచి రోడ్డు చూశాడు.

ఆ రోజు నుంచీ రోజూ బండిలో ఆయనే గేర్లు చెప్తున్నాడు, ఈమె వేస్తోంది. చిక్కేమిటంటే, ఆయన చెవి ఎప్పటిలాగే ఉంది. విన్నది చేతికి చేరేసరికే ఆలస్యమవుతోంది. ఒక్కోసారి ఒక ఊపిరంత, అలిసిపోయిన రోజున రెండు ఊపిర్లంత. ఈలోగా ఇంజను ఆ బరువంతా పై గేరులోనే లాగుతూ మూలిగేది. ఆమె చెయ్యి గేరు కర్ర మీద సిద్ధంగా ఉండేది. ఇంజను వెయ్యమని మొత్తుకునేది. ఆమె పళ్ళు బిగించి, ఆ రెండు దెబ్బలూ పడేదాకా ఆగేది. అలా రోజుకి నాలుగుసార్లు, ఎనిమిది నెలలు. మనిషిని నిలబెట్టుకుంటున్నాననుకుంది. ఇనుముకేమవుతుందిలే అనుకుంది.

ఇనుముకేమైందో గ్రీజు బాబాయ్ చెప్పాడు.

బళ్ళు బాగుచేసే షెడ్డు ఆయనదే. పెళ్ళినాడు తప్ప ఆయన్ని శుభ్రంగా చూసినవాళ్ళు లేరని, ఆ రోజు కూడా మెడ వెనక కొంచెం నలుపు మిగిలిందని చెప్పుకుంటారు. నాన్నకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. బండిని తాడు కట్టి లాక్కొచ్చి, ఇంజను కింద రేకు పళ్ళెం పెట్టి నూనె వదిలాడు. పళ్ళెం ఎండలోకి తెచ్చి పెట్టాడు. నల్లటి నూనెలో సన్నటి మెరుపు కనిపించింది. దాన్ని వేలితో తీసి అమ్మాయి బొటనవేలి మీద రాశాడు.

"ఇది నూనె కాదమ్మాయ్. నీ బండి పేగులు."

"బేరింగులు మారిస్తే పోదా బాబాయ్?"

"క్రాంకే, ఇంజను వెన్నెముకే, గీరుకుపోయింది. ఇంజను మార్చు, లేదా బండే మార్చు. మధ్యలో ఇంకోటి లేదు." గ్రీజు బాబాయ్ చేతులు తుడుచుకున్నాడు. ఆ గుడ్డతో తుడిస్తే చేతులు ఇంకా నల్లబడ్డాయి. "వయసుకి అరిగింది కాదిది. పై గేర్లో పీక నొక్కి ఎత్తెక్కిస్తే అరిగేది. ఎవరే దీన్ని నడిపేది?"

తెలిసే అడిగాడు. నాన్న పక్కనే బల్ల మీద కూర్చుని, కర్ర మీద గడ్డం ఆనించి వింటున్నాడు.

"నేనే. ఫోన్లో మాట్లాడుతూ గేరు మార్చడం మర్చిపోయేదాన్ని. తప్పు నాదే."

"ఫోనా? డాక్టరు కూతురివై ఉండి, ఎత్తు మీద ఫోనా?"

ఇక అందుకున్నాడు. షెడ్డులో ఉన్న మిగతా రెండు బళ్ళూ సిగ్గుతో తల దించుకునేలా తిట్టాడు. లేని ఫోనుకి ఉన్న తిట్లన్నీ ఆమె తిన్నది. అంతా అయ్యాక నాన్న నోరు విప్పాడు.

"నేను... చెప్తూనే... ఉన్నా."

గ్రీజు బాబాయ్ ఆయన వైపు చూశాడు. తర్వాత అమ్మాయి వైపు చూశాడు. ఆమె పళ్ళెంలో నూనె వంకే చూస్తోంది. ఆయన పానా తీసుకుని లోపలికెళ్ళిపోయాడు.

ఆమె మొగుడు ఒక చెక్కముక్కని రెండుసార్లు కొలవకుండా కొయ్యని మనిషి. ఏ విషయంలోనైనా అంతే. బండి ఆగిన రెండో రోజుకే ఊళ్ళో ఉన్న బళ్ళ దుకాణాలన్నీ తిరిగొచ్చి, భోజనాల దగ్గర మామగారి ముందు కొత్త బండి బొమ్మున్న కాగితం ఒకటి పెట్టాడు. 

"దీనికి గేర్లు లేవు మావయ్యా. కాలు నొక్కితే వెళ్తుంది, తీస్తే ఆగుతుంది. ఎత్తు దానంతటదే చూసుకుంటుంది. మీరింక హాయిగా కూర్చోవచ్చు."

మంచి మనసుతోనే అన్నాడు. నాన్నకి తినేటప్పుడు ఎడమచేత్తో బల్ల అంచు మీద వేళ్ళాడించే అలవాటు. ఆ వేళ్ళు ఆగిపోయాయి. ఆయన కాగితం మీది బొమ్మని చూసి, బాగుంది అన్నట్టు తలూపి, అన్నం సగంలోనే వదిలి లేచాడు.

మర్నాడు ఆమె మొగుడి పనిశాలకి వెళ్ళింది. కొత్త తలుపుకి చిత్రిక పడుతున్నాడు. చుట్లు చుట్లుగా లేస్తున్న చెక్కపొట్టు మధ్య నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. ఫోను లేదని, తను కావాలనే ఆగేదని, ఎందుకు ఆగిందో కూడా. అతను చిత్రిక పక్కన పెట్టాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మానెయ్యమంటావని."

"మానెయ్యమనేవాణ్ణే." కాసేపు తలుపుని అరచేత్తో తడిమాడు. "సరే, పాత బండికి ఇంకో ఇంజను పెట్టాం అనుకో. మళ్ళీ ఎత్తొస్తుంది. మావయ్య చెయ్యి మళ్ళీ ఆలస్యంగానే లేస్తుంది. అప్పుడేం చేస్తావ్? ఆగుతావా, వేస్తావా?"

"ఆగితే ఇంజను పోతుంది. వేస్తే నాన్న పోతాడు." ఆ మాట పైకి అనేదాకా అది అంత నిజమని ఆమెకే తెలీదు. అక్కడే, చెక్కల మీద కూలబడి ఏడ్చింది.

అతను పక్కన కూర్చున్నాడు. "అందుకే గేర్లు లేని బండి అంటున్నా. అప్పుడు తప్పు నీదీ కాదు, ఆయనదీ కాదు. బండే అంత."

మొగుడి మాటలో తప్పు పట్టడానికి ఆమె చాలాసేపు వెతికింది. ఎక్కడా దొరకలేదు. ఒళ్ళు మండింది కూడా అందుకే. ఇంట్లో ఆయన కూర్చునే చోటు ఎప్పుడూ ఉంటుంది. కుర్చీ ఎక్కడైనా వేస్తారు. కానీ నాన్న ఇన్నాళ్ళూ బండెక్కింది కూర్చోడానికి కాదు, పనికి. ఆ పని తీసేసి సీటు మాత్రం ఇస్తే ఆయన ఆ సీట్లోంచి కూడా గోడనే చూస్తాడు. అది మొగుడికి ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.

ఇంతలో సోమవారం వచ్చింది. ఎత్తు మీద ఇంటికి నాలుగు తలుపులు చేరాలి, మేస్త్రి మనుషులు వచ్చి కూర్చున్నారు. బండి అరువిమ్మని గ్రీజు బాబాయ్‌ని అడిగింది.

"నీకిస్తే దీని పీక కూడా నొక్కుతావు. నేనే నడుపుతా" అన్నాడు ఆయన. చెప్పిన అబద్ధం అలా తిరిగొచ్చి తగులుకుంది.

నాన్న రానంటాడేమో అనుకుంది. చొక్కా తొడుక్కుని గడపలో సిద్ధంగా ఉన్నాడు. ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. గ్రీజు బాబాయ్ స్టీరింగు దగ్గర, ఆమె మధ్యలో, నాన్న కిటికీ పక్కన. దారంతా గ్రీజు బాబాయ్ ఊరి కబుర్లన్నీ చెప్పాడు. ఎత్తు మొదలవగానే, డాక్టరు బండిలో ఉన్నాడని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. 

మొదటి మలుపులో ఇంజను గొంతు బరువెక్కింది. గ్రీజు బాబాయ్ కింది గేరు వేశాడు. బండి తేరుకుని ఎక్కసాగింది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద టక్, టక్ మని దెబ్బలు పడ్డాయి. నాన్న మొహం చిట్లించి గ్రీజు బాబాయ్ వైపు చూశాడు, తొందరపడి వేశావన్నట్టు. 

రెండో మలుపులోనూ అంతే. అయిపోయిన పనికి రెండు దెబ్బలు. ఆమె ఒళ్ళో చేతులు నలుపుకుంటూ, మలుపులు ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటోంది.

మూడో మలుపులో నాన్న రోడ్డు చూడటం మానేశాడు. తన ఎడమచేతినే చూసుకుంటున్నాడు. ఇంజను గొంతు మారింది. ఆ క్షణంలోనే ఆయన కనుబొమ్మ కదిలింది. విన్నాడు. చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది. గ్రీజు బాబాయ్ గేరు వేశాడు, బండి తేరుకుంది, మలుపు కూడా తిరిగింది. అప్పుడు లేచింది చెయ్యి. సగం దాకా వెళ్ళి గాల్లోనే ఆగింది. నాన్న దాన్ని, ఎవరిదో వస్తువు వెనక్కి పెట్టేసినట్టు, తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. పైదాకా ఇంక తియ్యలేదు.

మేస్త్రి మనుషులు తలుపులు దించుకుంటున్నారు. గ్రీజు బాబాయ్ తాళ్ళు విప్పుతున్నాడు. ఆమె దిగబోతుంటే నాన్న అడిగాడు.

"ఎన్నాళ్ళ... నుంచి?"

"ఏంటి నాన్నా?"

"ఆగుతున్నావు."

ఇంకో అబద్ధం ఆడటానికి మొహం చెల్లలేదు. "ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచి."

"ఫోను...?"

"లేదు."

ఆయన పెదవులు కదిలాయి గానీ మాట దొరకడానికి చాలాసేపు పట్టింది. "జాలా?"

"జాలి కాదు. భయం." ఆమె గొంతు పెరిగింది. "నలభై రోజులు గోడ చూశావు నాన్నా. నేనొచ్చినా చూడలేదు. ఆ రోజు గేరు కోసం రోడ్డు చూశావు. మళ్ళీ గోడవైపు తిరుగుతావేమోనని నాకు భయం. అంతే."

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. కింద ఊరంతా కనిపిస్తోంది.

"మంచి... ఇంజను" అన్నాడు. పందొమ్మిదేళ్ళు సాకిన ఇంజను.  ఆ తర్వాత ఇంకో మాటన్నాడు. "అమ్మెయ్."

ఇంటికెళ్ళి పడుకున్నాడు. గోడవైపు తిరిగే పడుకున్నాడు. ఏది జరగకూడదని ఒక ఇంజనునే ధారపోసిందో అదే జరిగింది. రెండు రోజులు పిలిస్తే పలకలేదు, పెట్టింది ముట్టీ ముట్టనట్టు తిన్నాడు. మొగుడు బయానా ఇవ్వడానికని బళ్ళ దుకాణానికెళ్ళి ఇవ్వకుండానే తిరిగొచ్చాడు.

"ఏం, నచ్చలేదా?" అంది ఆమె.

"బండి బానే ఉంది. ఇంట్లో ఇద్దరూ ఇలా మొహాలు వేలాడేసుకునుంటే నాకు సంతకం పెట్టబుద్ధి కాలేదు."

రెండుసార్లు కొలిచే మనిషి. మొదటి కొలత తప్పని ఒప్పుకోవడం అతని పద్ధతిలో అలాగే ఉంటుంది.

మూడో రోజు పొద్దున్నే గ్రీజు బాబాయ్ గుమ్మంలో నిలబడి "ఉన్నాడా మీ డాక్టరు?" అంటూనే లోపలికొచ్చేశాడు. మంచం మీద కూర్చోబోతుంటే ఆమె పరుగున వచ్చి కింద పాత పేపరు పరిచింది. ఆయన పేపరు వైపు చిన్నబుచ్చుకున్నట్టు చూసి, దాని మీదే కూర్చున్నాడు.

"తుక్కు యార్డులో మన బండికి సరిపడే ఇంజన్లు రెండున్నాయి. గుద్దేసిన బళ్ళలోంచి తీసినవి. రెండూ తిరుగుతున్నాయి. ఏది మంచిదో నాకు తెలియడం లేదు. ముప్పై ఏళ్ళు సుత్తి దెబ్బలు విన్న చెవులివి. మా ఆవిడ తిట్టినా సగమే వినపడుతుంది, అదొక్కటే లాభం. నువ్వొచ్చి విను."

"అమ్మెయ్... అన్నా" అన్నాడు నాన్న గోడతో.

"బండి నీదా? నీ కూతురి పేరున రాసిచ్చి ఆరేళ్ళైంది. అమ్ముకుంటుందో ఉంచుకుంటుందో అది చూసుకుంటుంది. ఇంజను మంచిదో కాదో చెప్పడం నీ పని. ఆ పని నువ్వు చేసిపెట్టకుండా నేనెప్పుడైనా ఇంజను కొన్నానా?"

నాన్న గోడవైపు చూస్తూనే అడిగాడు.

"జాలి... పడుతున్నావా?"

"జాలా?" గ్రీజు బాబాయ్ అంతెత్తున లేచాడు. "నీ మీద జాలిపడి నీ కూతురు ఒక ఇంజను పేగులు నా పళ్ళెంలో పోసింది. మళ్ళీ నాకెందుకయ్యా ఆ పని?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంత మోటుగా అంటాడనుకోలేదు. గోడవైపు తిరిగున్న నాన్న భుజం కదిలింది. ఏడుస్తున్నాడనుకుని ఆమె దగ్గరికెళ్ళింది. నవ్వుతున్నాడు. సగం మొహంతోనే నవ్వగలడు, ఆ సగమూ నవ్వుతోంది. ఆయన ఇటు తిరిగాడు.

"చొక్కా... ఇవ్వు."

తుక్కు యార్డులో బళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటి మధ్య, ఇనుప స్టాండ్ల మీద రెండు ఇంజన్లు బిగించి పెట్టారు. ఒకటి కడిగి, తుడిచి, రంగు కూడా వేసి ఉంది. రెండోది మట్టికొట్టుకుపోయి ఉంది. యార్డాయన రంగేసిన దాన్ని ముందు తిప్పాడు. మెత్తగా, నిద్రపుచ్చేలా తిరిగింది.

"వెన్నముద్ద" అన్నాడు యార్డాయన.

గ్రీజు బాబాయ్ పొడుగాటి స్క్రూడ్రైవరు నాన్న ఎడమచేతికిచ్చాడు. ఆమె స్టూలు వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. నాన్న స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నాడు. మొన ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి వణికింది, జారింది, మళ్ళీ పెట్టాడు. ఎవరూ తొందరపెట్టలేదు. అక్కడ ఎక్కాల్సిన ఎత్తేమీ లేదు మరి. ఎంతసేపైనా వినొచ్చు. అమ్మాయికి ఆ సంగతి అక్కడ, ఆ స్టూలు పక్కన నిలబడి ఉండగా తట్టింది. ఆలస్యమంతా చేతిదే, చెవిది కాదు. ఆ రెండింటినీ కలిపి కట్టింది తనే.

"ఆపకు" అన్నాడు నాన్న. "వేడెక్కనీ."

"తిరుగుతోందిగా, ఇంకా ఎందుకండీ డీజిలు దండగ?" అన్నాడు యార్డాయన.

"వేడెక్కనీ."

పావుగంట గడిచింది. ఇంజను వేడెక్కింది. లోపలి నూనె పలచబడింది. ఆ మెత్తని శబ్దం అడుగున, ముందు ఉందా లేదా అన్నట్టు, తర్వాత అందరికీ తెలిసేలా టకటక మొదలైంది. ఆఖరికి గ్రీజు బాబాయ్‌కి కూడా వినపడింది.

"చిక్కటి... నూనె పోశాడు" అన్నాడు నాన్న. "చప్పుడు... దాచడానికి."

యార్డాయనకి ఉన్నట్టుండి పైన పేర్చిన బళ్ళని పరీక్షించే పని తగిలింది.

మట్టికొట్టుకుపోయిన రెండోదాన్ని తిప్పితే మొదటి నుంచే గోలగోలగా ఉంది. గ్రీజు బాబాయ్ పెదవి విరిచాడు. నాన్న మొన ఆనించి విన్నాడు. పైన విన్నాడు, కింద విన్నాడు, అడుగున బేరింగుల దగ్గర కళ్ళు మూసుకుని మరీ విన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహం మారిపోయి ఉంది. ఆ మొహాన్ని ఆమె ఏడాదిగా చూడలేదు.

"పైన... వాల్వులు. బిగిస్తే... పోతుంది." స్క్రూడ్రైవరుతో ఇంజను పొట్ట మీద తట్టాడు. "అడుగు... రాయి."

అందరూ ఆమె వైపు చూశారు. కొనాల్సింది ఆమె, తీర్పు చెప్పాల్సింది ఆమె. మొగుడడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. దానికి జవాబు నాన్న మొహం మీదే చెప్పాలి. చెప్తే ఆ మొహం మళ్ళీ గోడవైపు తిరిగినా తిరగొచ్చు.

ఆమె స్టూలు పక్కన గొంతుక్కూర్చుంది. "నాన్నా, ఇదే తీసుకుంటాను. బండి అమ్మను. కానీ ఎత్తు మీద నేను విని, నేనే గేరు వేస్తా. నువ్వు చెప్పేదాకా ఇంక ఆగను."

నాన్న ఆమెని చూశాడు. మాట వెతుక్కున్నాడు. ఆమె ఆ మాట కోసం ఆగింది. దానికి ఆగితే ఏదీ అరగదు.

"ఆగితే..." అన్నాడు. "బండి... దింపేస్తా."

వారం తర్వాత వాల్వులు సర్దిన ఇంజనుతో, ఆరు తలుపుల బరువుతో పికప్ ఎత్తు రోడ్డు మొదట్లోకి వచ్చింది. మొగుడు వెనక తాళ్ళన్నీ రెండుసార్లు లాగి చూసి మరీ పంపాడు. నాన్న పక్క సీట్లో, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎత్తు మొదలవగానే ఇద్దరూ మాటలాపేశారు. 

ఈ ఇంజను గొంతు వేరు. పాతది బరువెక్కితే మూలిగేది, ఇది గరగరమంటుంది. డాబా ఇల్లు దగ్గర పడుతుండగా గరగర మొదలైంది. ఎనిమిది నెలల అలవాటు ఆమె చేతిని ఒక్క క్షణం పట్టుకుంది. పక్కన ఆయన చెయ్యి కదల్లేదు. ఆమె క్లచ్చు నొక్కి కింది గేరు వేసింది. ఇంజను గొంతు సర్దుకుని, బరువు తీసుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

ఆయన వైపు చూడటానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. మంచి పనే చేసిందని తెలుసు. అయినా నాన్న చేతిలోంచి ఏదో లాక్కున్నట్టే ఉంది. డాబా మీద బట్టలారేసే ఆవిడ ఈ బండిని చూడగానే దుప్పటి ఒకటి చేతిలోకి తీసుకుని, పొగ రాకపోయేసరికి మళ్ళీ తీగ మీద వేసింది. 

డాబా ఇల్లు దాటారు. అప్పుడు లేచింది నాన్న ఎడమచెయ్యి. రెండు ఊపిర్లు ఆలస్యంగా, వణుకుతూ, తన దారిన తను వెళ్ళి డ్యాష్‌బోర్డు చేరింది. కణుపులతో కొట్టలేదు. అరచేత్తో ఒకే ఒక్క చరుపు చరిచింది.

పందొమ్మిదో ఏట విన్న చప్పుడే. ఈ ఎనిమిది నెలలూ ఆయన చెప్పకముందు తను ఒక్క గేరూ వెయ్యలేదు గనక, ఆయనకి ఆ చరుపు చరిచే అవకాశమే ఇవ్వలేదని ఆమెకి ఇప్పుడు తెలిసింది. దానికి ఆలస్యమన్నది లేదు. అది ఎప్పుడూ గేరు పడ్డాకే పడుతుంది.

కళ్ళు మసకబారాయి. తుడుచుకోవడానికి ఆమె చెయ్యి తియ్యలేదు. ముందు ఇంకో మలుపు ఉంది, గేరు మార్చాలి.